విమ్‌ఆర్‌సీ: సేవ్ చేసిన ప్రతిసారీ ఫైలులో నేను కొట్టని అక్షరాలు పడుతున్నాయి

కొత్తకలం · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. మా పనంతా దూరంగా ఉన్న సర్వరులోకి వెళ్లి, టెర్మినల్‌లో (ఆదేశాలు కొట్టే తెరలో) విమ్ అనే ఎడిటర్ తెరిచి చేసేదే. చేరిన మొదటి వారంలో, ఎవరో ఇంటర్నెట్‌లో ఉంచిన విమ్‌ఆర్‌సీని, అంటే విమ్ సెట్టింగుల ఫైలును, ఉన్నదున్నట్టు దించుకున్నాను. నాలుగు వందల లైన్లకు పైనే ఉంటుంది. రంగులు వచ్చాయి, అడుగున చక్కటి పట్టీ వచ్చింది, సంతోషించాను. ఇప్పుడు మూడు బాధలు పట్టుకున్నాయి.

మొదటిది. సేవ్ చేయడానికి అందులో కామా, డబ్ల్యూ అనే షార్ట్‌కట్ ఉంది. నొక్కగానే ఫైలు సేవ్ అవుతుంది. ఆ వెంటనే కర్సర్ పక్కన ‘వీ’, ‘ఈ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ‘ఫైల్’ అనే మాట వచ్చి పడతాయి. చూసుకుని చెరిపేస్తే సరిపోతుంది. మొన్న చూసుకోలేదు. రెండోసారి సేవ్ చేసినప్పుడు అవి కూడా ఫైలులో చేరి, అందరి కోడులో కలిసిపోయాయి. మర్నాడు పొద్దున టెస్టులన్నీ ఆగిపోయి ఉన్నాయి.

రెండోది. ఎస్కేప్ నొక్కాక ఒక సెకను పాటు ఏమీ జరగదు. తొందరపడి కిందికి దిగడానికి జె కొడితే, కర్సర్ బదులు లైనే కిందికి జరిగిపోతుంది.

మూడోది. పైథాన్ ఫైలు సేవ్ చేయడం పొద్దున తేలికగానే ఉంటుంది. సాయంత్రానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. విమ్ మూసి మళ్లీ తెరిస్తే మామూలే.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాతటెర్మినల్ · సోమవారం రాత్రి 9:40

ముందు తప్పు మీ ఫైలుదా, విమ్‌దా తేల్చుకోండి. విమ్ అని రాసి, రెండు గీతలు పెట్టి ‘క్లీన్’ అని చేర్చి తెరవండి. అప్పుడు మీ విమ్‌ఆర్‌సీని, విమ్‌కు అదనపు పనులు నేర్పే ప్లగిన్లను చదవదు. బాధ పోతే తప్పు ఫైలులోనే ఉంది.

ఆ తర్వాత నాలుగు వందల లైన్లనూ కళ్లతో వెతుకుతూ కూర్చోవద్దు. ఫైలు మధ్యలో ‘ఫినిష్’ అన్న ఒక్క మాట ఒక లైనులో రాయండి. విమ్ అక్కడితో చదవడం ఆపేస్తుంది. బాధ ఇంకా ఉంటే తప్పు పై సగంలో, లేకపోతే కింది సగంలో. ఆ సగంలో మళ్లీ మధ్యకు జరపండి. నాలుగు వందల లైన్లకు తొమ్మిదిసార్లు చాలు. ముప్పై ఏళ్లుగా టెర్మినల్ ముందు కూర్చుంటున్నాను, ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు దొరకలేదు.

ఆ సేవ్ షార్ట్‌కట్ లైను మాత్రం ఇక్కడ పెట్టండి. ఫైలు మార్చాక మీరు దాన్ని ఎలా అమలు చేస్తున్నారో కూడా చెప్పండి.

కొత్తకలం · సోమవారం రాత్రి 10:05

ఇక్కడ అతికిస్తే గుర్తులు చెదిరిపోతున్నాయి, అందుకని మాటల్లో రాస్తున్నాను. మొదట ఎన్‌నోర్‌మ్యాప్, కీకి పని అప్పగించే ఆదేశం. తర్వాత కామా, డబ్ల్యూ. తర్వాత కోలన్, డబ్ల్యూ, కోణపు బ్రాకెట్లలో సీఆర్, అంటే ఎంటర్ కీ. ఆ తర్వాత ఒక ఖాళీ, డబుల్ కోట్, దానికి అతుక్కుని ఇంగ్లీషులో ‘సేవ్ ఫైల్’. చివరిది వివరణ కోసం రాసిన కామెంట్ అనుకుంటాను.

ఇక ఫైలు మార్చిన ప్రతిసారీ విమ్‌లోనే ‘సోర్స్’ ఆదేశంతో మళ్లీ చదివిస్తాను. రోజుకు ఇరవై సార్లయినా చేస్తాను.

రాత్రిదీపం · సోమవారం రాత్రి 10:31

దొరికింది. ఆ కామెంటే మీ దొంగ.

విమ్‌ఆర్‌సీలో డబుల్ కోట్ తర్వాత రాసినది కామెంట్ అన్నది చాలా చోట్ల నిజం. మ్యాప్ లైన్లలో మాత్రం కాదు. మ్యాప్‌లో కుడివైపు ఉన్నదంతా, లైను చివరి వరకూ, మీరు కీబోర్డు మీద నొక్కినట్టే లెక్క. కాబట్టి మీరు కామా, డబ్ల్యూ నొక్కినప్పుడు విమ్ చేస్తున్నది వరసగా ఇది.

కోలన్, డబ్ల్యూ, ఎంటర్: ఫైలు సేవ్ అయింది. ఖాళీ: నార్మల్ మోడ్‌లో, అంటే కీలు ఆదేశాలుగా పనిచేసే స్థితిలో, స్పేస్ నొక్కితే కర్సర్ ఒక అక్షరం కుడికి జరుగుతుంది, జరిగింది. డబుల్ కోట్, ఎస్: ‘ఎస్ అనే రిజిస్టర్ (కాపీ చేసినది దాచే అర) తీసుకో’ అని అర్థం, తీసుకుంది. ఏ: కర్సర్ తర్వాత రాయడం మొదలుపెట్టు అని. ఇక్కడితో మీరు అక్షరాలు కొట్టే ఇన్సర్ట్ మోడ్‌లోకి వచ్చేశారు. ‘సేవ్’ అన్న ఇంగ్లీషు మాటలో ఎస్, ఏ పోగా మిగిలినవి వీ, ఈ. ఆ తర్వాత ఖాళీ, ‘ఫైల్’. అవి మీ కోడులో పడ్డాయి.

అంటే ఆ ఫైలు రాసినవారు ఏ అక్షరంతో కామెంట్ మొదలుపెట్టారో దాన్నిబట్టి మీ నష్టం ఉంటుంది. కోట్ తర్వాత ఇంకే మాటో ఉండి, అందులో రెండో అక్షరం డీ అయి ఉంటే, తర్వాతి అక్షరాన్ని బట్టి మాటలే చెరిగిపోయేవి.

కామెంటును మ్యాప్ పైన వేరే లైనులో పెట్టండి. సీఆర్ తర్వాత ఖాళీ కూడా మిగలకూడదు, కంటికి కనబడని ఆ ఒక్క ఖాళీ కూడా నొక్కిన కీ కిందే లెక్క.

కొత్తకలం · సోమవారం రాత్రి 10:44

ఒక్కో కీ నొక్కి చూశాను. మీరు చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా జరుగుతోంది. నాలుగు నెలలుగా ప్లగిన్లను అనుమానించాను. చాలా కృతజ్ఞతలు.

గడియారం · మంగళవారం ఉదయం 7:20

మూడో బాధ నాకు బాగా తెలిసినదే. మీరు రోజుకు ఇరవై సార్లు ‘సోర్స్’ చేస్తున్నానన్నారు, జవాబు అందులోనే ఉంది.

మీ ఫైలులో ‘ఆటోసీఎండీ, బఫ్‌రైట్‌ప్రీ’ అని మొదలయ్యే లైను ఒకటి ఉండి ఉంటుంది, పైథాన్ ఫైలు సేవ్ కాబోయే ముందు, కోడును చక్కగా సర్దే ఫార్మాటర్‌ను నడిపేది. మామూలు సెట్ లైనును ఎన్నిసార్లు చదివించినా నష్టం లేదు, విలువ అదే ఉంటుంది. ఆటోసీఎండీ అలా కాదు. చదివించిన ప్రతిసారీ పాతదాని పక్కన ఇంకొకటి చేరుతుంది. ఇరవై సార్లు చదివిస్తే, ఒక్క సేవ్‌కు ఫార్మాటర్ ఇరవై ఒక్కసారి నడుస్తుంది. విమ్ మూస్తే అన్నీ పోతాయి, అందుకే మళ్లీ తేలిక.

నమ్మకం కుదరకపోతే సాయంత్రం కోలన్ కొట్టి, ఆటోసీఎండీ, బఫ్‌రైట్‌ప్రీ అని మాత్రం రాసి ఎంటర్ నొక్కండి. ఒకే లైను బారులు తీరి కనబడుతుంది.

మందు: ‘ఆగ్రూప్’ అని ఒక పేరు పెట్టి గుంపు తెరవండి. లోపల మొదటి లైనుగా ఆటోసీఎండీ అని రాసి ఆశ్చర్యార్థకం పెట్టండి, ఆ గుంపులో ఉన్న పాతవాటిని అది తుడిచేస్తుంది. తర్వాత మీ అసలు లైను. చివర ‘ఆగ్రూప్ ఎండ్’. ఇక ఎన్నిసార్లు చదివించినా ఒక్కటే మిగులుతుంది.

ఇంకొకటి. లైను చివరి ఖాళీలను సేవ్‌లో తుడిచే ఆటోసీఎండీ కూడా చాలామంది పెట్టుకుంటారు, దాన్ని అన్ని ఫైళ్లకూ వర్తింపజేస్తారు. డాక్యుమెంట్లు రాసే మార్క్‌డౌన్ పద్ధతిలో లైను చివర రెండు ఖాళీలకు అర్థం ఉంది, అక్కడ లైను విరగాలి అని. నేను రాసిన ఒక డాక్యుమెంట్‌లో చిరునామాలన్నీ ఒకే పేరాగా కలిసిపోయాయి, కారణం తెలియడానికి వారం పట్టింది. మీకు అవసరమైన ఫైలు రకాలకు మాత్రమే పెట్టండి.

పాతటెర్మినల్ · మంగళవారం ఉదయం 8:02

ఎస్కేప్ సంగతి నేను చెబుతాను.

టెర్మినల్‌లో బాణం కీ గానీ, ఆల్ట్ కలిపిన కీ గానీ నొక్కితే విమ్‌కు అందేది ఒక్క సంకేతం కాదు. ముందు ఎస్కేప్, దాని వెంట మరికొన్ని అక్షరాలు. మీ ఫైలులో ఇన్సర్ట్ మోడ్‌లో ఎస్కేప్, జె కలిపి లైనును కిందికి జరిపే మ్యాప్ ఉంటుంది. ఆల్ట్, జె నొక్కితే పనిచేయాలని ఎవరో రాసుకున్నది. మీరు ఉత్త ఎస్కేప్ నొక్కినా, ‘ఇంకా జె వస్తుందేమో’ అని విమ్ ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు టైమౌట్‌లెన్ అనే సెట్టింగు, మొదట ఉండే విలువ 1000 మిల్లీసెకన్లు. మీ ఒక్క సెకను అదే. ఆ లోపల జె కొట్టారు, విమ్ దాన్ని ఆల్ట్, జె అనుకుంది, లైను జరిగింది. ఎస్కేప్‌తో మొదలయ్యే మ్యాప్‌లు అన్నీ తీసేయండి. టీటైమౌట్ ఆన్ చేసి, టీటైమౌట్‌లెన్ 50 లేదా 100 పెట్టుకోండి, అది బాణం కీలకు సరిపోతుంది.

ఎస్కేప్ ఇంత దూరంగా ఎందుకుందని చాలామంది అడుగుతారు. విమ్‌కు తాత అయిన వీఐని బిల్ జాయ్ 1976లో ఏడీఎమ్-3ఏ అనే టెర్మినల్ మీద కూర్చుని రాశారు. ఆ కీబోర్డులో ఎస్కేప్, ఇవాళ ట్యాబ్ ఉన్న చోట, క్యూ పక్కనే ఉండేది. చిటికెన వేలికి అందేది. హెచ్, జె, కె, ఎల్ కీల మీద బాణం గుర్తులు అచ్చయి ఉండేవి, అందుకే ఇవాళ్టికీ కర్సర్ వాటితో కదులుతుంది. కీబోర్డులు మారాయి, వేళ్ల అలవాటు మిగిలింది. నేను క్యాప్స్‌లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకున్నాను. అది విమ్‌ఆర్‌సీలో కుదరదు, కంప్యూటర్ కీబోర్డు సెట్టింగుల్లో చేయాలి.

కొత్తకలం · మంగళవారం రాత్రి 9:30

ఇవాళ ధైర్యం చేసి ఆ నాలుగు వందల లైన్లనూ పక్కన పెట్టేశాను. నాకు అర్థమైన ఐదు లైన్లతో కొత్త విమ్‌ఆర్‌సీ రాశాను: లైను నంబర్లు, ఎక్స్‌పాండ్‌ట్యాబ్ (ట్యాబ్ బదులు ఖాళీలు), షిఫ్ట్‌విడ్త్ నాలుగు (లైను ముందు వదిలే ఖాళీలు), ఇగ్నోర్‌కేస్, స్మార్ట్‌కేస్ (వెతికేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాల తేడా ఎలా చూడాలో).

రంగులన్నీ పోయాయి. విమ్‌ఆర్‌సీ అసలు లేనప్పుడు కూడా రంగులు ఉండేవి కదా? ఫైలు తెరిస్తే నిన్న ఆపిన చోటికి వెళ్లడం లేదు. పైగా మేక్‌ఫైల్‌లో (ప్రోగ్రామును కట్టే మేక్ అనే సాధనం చదివే ఫైలు) ఒక లైను మారిస్తే, మేక్ నడిపినప్పుడు ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతోంది. ఐదు లైన్లు రాస్తే ఉన్నవి ఎందుకు పోతున్నాయి?

రాత్రిదీపం · మంగళవారం రాత్రి 10:15

ఇది విమ్‌లో కొత్తవారిని అందరికన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం. విమ్ 8, అంటే 2016 నుంచి ఉన్న పద్ధతి ఇది.

మీకు సొంత విమ్‌ఆర్‌సీ లేకపోతే, విమ్ తనతో వచ్చిన డిఫాల్ట్స్ డాట్ విమ్ అనే ఫైలును చదువుతుంది. సింటాక్స్ రంగులు, ఫైలు రకాన్ని గుర్తించడం, కర్సర్‌కు పైనా కిందా ఐదు లైన్లు ఎప్పుడూ కనబడేలా ఉంచడం, కొడుతుండగానే వెతకడం, చివరిసారి ఆపిన చోటికి దూకడం, ఎస్కేప్ ఎదురుచూపును 100 మిల్లీసెకన్లకు తగ్గించడం, ఇవన్నీ అందులోవే. మీరు విమ్‌ఆర్‌సీ అని ఒక ఖాళీ ఫైలు సృష్టించినా చాలు, ‘ఈయన తన సంగతి తాను చూసుకుంటారు’ అని విమ్ ఆ డిఫాల్ట్స్ ఫైలును ముట్టుకోదు. మీ ఐదు లైన్లు ఏమీ చెడగొట్టలేదు. ఫైలు ఉండటమే కారణం. కొన్ని లినక్స్ పంపిణీలు బ్యాక్‌స్పేస్ లాంటి ఒకటి రెండు సంగతులను తమ సొంత సిస్టమ్ ఫైలులో ముందే సర్ది ఉంచుతాయి, అందుకే అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనబడదు.

మీ విమ్‌ఆర్‌సీ మొదటి లైనుగా ‘సోర్స్’ అని రాసి, డాలర్ గుర్తుతో విమ్‌రన్‌టైమ్, స్లాష్, డిఫాల్ట్స్ డాట్ విమ్ అని రాయండి. మీ సొంత లైన్లు దాని కింద రావాలి, పైన రాస్తే అది వచ్చి మీవాటిని మార్చేయవచ్చు.

మేక్‌ఫైల్ బాధ కూడా దీనితోనే పోతుంది. మేక్‌లో ఆదేశం లైను ట్యాబ్‌తో మొదలు కావాలి, ఖాళీలు ఒప్పుకోదు. మీరు ఎక్స్‌పాండ్‌ట్యాబ్ పెట్టారు, ట్యాబ్ నొక్కితే ఖాళీలు పడ్డాయి. ఫైలు రకాన్ని గుర్తించే పని నడుస్తుంటే, మేక్‌ఫైల్ తెరిచినప్పుడు విమ్ ఆ ఒక్క ఫైలుకు ఎక్స్‌పాండ్‌ట్యాబ్‌ను తానే తీసేస్తుంది. డిఫాల్ట్స్‌తో పాటు ఆ పని కూడా ఆగిపోయింది కాబట్టే మీకు ఇలా జరిగింది.

పైథాన్‌కు కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. పైథాన్ కోడు ఎలా రాయాలో చెప్పే పెప్ 8 సూచన ప్రకారం షిఫ్ట్‌విడ్త్ నాలుగు అదే పెడుతుంది. మీ విమ్‌ఆర్‌సీలో రెండు అని రాసినా పైథాన్ ఫైలులో నాలుగే ఉంటుంది, ఎందుకంటే అది తర్వాత చదివేది. ఎవరు మార్చారో తెలియాలంటే కోలన్, వెర్బోస్, సెట్, షిఫ్ట్‌విడ్త్, ప్రశ్నార్థకం. చివరిసారి ఏ ఫైలు ఆ విలువ పెట్టిందో విమ్ పేరుతో సహా చెబుతుంది. నాకు ఒక్క ఆదేశమే గుర్తుంచుకునే వీలుంటే దాన్నే గుర్తుంచుకుంటాను.

కృష్ణాతీరం · బుధవారం ఉదయం 11:48

అందరి మీదా గౌరవంతోనే అంటున్నాను, ఈ శ్రమ అవసరమా? విమ్ నుంచి చీలి పుట్టిన నియోవిమ్‌కు మారితే ఈ డిఫాల్ట్స్ గొడవ ఉండదు, మంచి సెట్టింగులన్నీ లోపలే ఉంటాయి. 2021లో వచ్చిన 0.5 నుంచి కాన్ఫిగ్ అంతా లువాలో రాసుకోవచ్చు, అది మామూలు ప్రోగ్రామింగ్ భాష. ఎవరో సిద్ధం చేసిన పూర్తి కాన్ఫిగ్ దించుకుంటే పది నిమిషాల్లో పని మొదలవుతుంది. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి కోడు ముఖ్యం, ఎడిటర్ కాదు.

రాత్రిదీపం · బుధవారం మధ్యాహ్నం 1:10

నియోవిమ్ మంచిదే, నా సొంత కంప్యూటర్‌లో అదే వాడతాను. కానీ కొత్తకలం గారి పని సర్వరులో. అక్కడ ఏది ఉంటే దానితోనే చేయాలి. ఇక సిద్ధంగా ఉన్న కాన్ఫిగ్ అంటారా, ఈ చర్చ మొదలైందే అలాంటి ఫైలుతో. సేవ్ కీ నొక్కితే తన కోడులోకి ఏం వెళుతోందో తెలియకపోవడం ఎడిటర్ సమస్య మాత్రమే కాదు, అది ఆయన కోడు సమస్య. లువాలో రాసినా అర్థం కాని లైను అర్థం కాని లైనే.

పాతటెర్మినల్ · బుధవారం సాయంత్రం 6:25

సర్వర్ల మీద ఇంకో మాట. కొన్ని చోట్ల ఉండేది విమ్‌లో చిన్న రూపం, లెక్కలు కట్టే భాగం తీసేసినది. అక్కడ మీ విమ్‌ఆర్‌సీలో చరరాశికి విలువ ఇచ్చే ‘లెట్’ ఉన్న ప్రతి లైనుకూ తప్పు చూపిస్తుంది. అలాంటి లైన్లన్నిటినీ ‘ఇఫ్ 1’, ‘ఎండిఫ్’ మధ్య పెట్టండి. చిన్న విమ్ ‘ఇఫ్’లోని షరతును లెక్కకట్టలేదు, ‘ఎండిఫ్’ వరకూ కళ్లు మూసుకుని దాటేస్తుంది. పెద్ద విమ్ మామూలుగా చదువుతుంది. డిఫాల్ట్స్ ఫైలు రాసినవారు కూడా ఇదే వాడారు, తెరిచి చూడండి. ఆ ఫైలు చిన్నదే, ప్రతి లైను పైనా అది ఎందుకుందో వివరణ ఉంటుంది. విమ్‌ఆర్‌సీ ఎలా రాయాలో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

విమ్‌ను రాసిన బ్రామ్ మూలెనార్ 2023 ఆగస్టు 3న పోయారు. 1988లో అమీగా కంప్యూటర్ కోసం మొదలుపెట్టి, 1991లో విడుదల చేసి, కన్నుమూసే వరకూ ఆ పని వదలలేదు. విమ్ డబ్బు పెట్టి కొనేది కాదు. నచ్చితే ఉగాండాలోని కిబాలెలో పిల్లలకు సాయం చేయమని అడిగారు, అంతే. విమ్‌ను ఉత్తగా తెరిస్తే మొదటి తెర మీద ఆ మాట ఇప్పటికీ కనబడుతుంది. మరుసటి జనవరిలో వచ్చిన 9.1ను ఆయనకే అంకితమిచ్చారు. కొత్తవారికి ఆయన పేరు తెలియాలని రాస్తున్నాను.

గడియారం · బుధవారం రాత్రి 8:50

దించుకున్న కాన్ఫిగ్‌ల మీద ఒక హెచ్చరిక. విమ్‌ఆర్‌సీ అంటే సెట్టింగుల పట్టిక కాదు, నడిచే ప్రోగ్రామ్. మీరు విమ్ తెరిచిన ప్రతిసారీ మీ పేరుతో, మీ అధికారాలతో నడుస్తుంది. ఫైలులోని మొదటి లేదా చివరి లైన్లలో సెట్టింగులు రాసుకునే మోడ్‌లైన్ అనే సౌకర్యం కూడా ఉంది. 2019లో దానిలో లోపం బయటపడింది: ఎవరో పంపిన టెక్స్ట్ ఫైలును తెరిస్తే చాలు, అందులో దాచిన ఆదేశాలు నడిచేవి. 8.1.1365 ప్యాచ్‌తో సరిచేశారు. నా ఫైలులో ఆ సౌకర్యాన్ని ఆపే నోమోడ్‌లైన్ అప్పటి నుంచీ ఉంది, తీసే ఉద్దేశం లేదు.

అచ్చుతప్పు · గురువారం ఉదయం 6:35

నేను ప్రోగ్రామర్‌ను కాను. సాఫ్ట్‌వేర్ తెరల మీది మాటలను తెలుగులోకి తెచ్చే పని చేస్తాను, ఫైళ్లన్నీ విమ్‌లోనే దిద్దుతాను. తెలుగు కొట్టేవారికి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, భారతీయ భాషలకు కుదిర్చిన కీల అమరిక. కంప్యూటర్‌లో తెలుగు ఆన్ చేసి విమ్‌లో ఎస్కేప్ కొట్టి, హెచ్, జె, కె, ఎల్ నొక్కితే ప, ర, క, త వెళతాయి. నార్మల్ మోడ్‌కు వాటి అర్థం తెలియదు, కర్సర్ కదలదు. ప్రతి ఎస్కేప్‌కూ ముందు కీబోర్డు ఇంగ్లీషుకు మార్చడం, మళ్లీ తెలుగుకు మార్చడం. రోజంతా అదే పని.

దీనికి లాంగ్‌మ్యాప్ అనే సెట్టింగు ఉంది. ‘ప అంటే హెచ్, ర అంటే జె’ అని చెప్పవచ్చు. హల్లుల వరకూ బాగుంది. గుణింతం గుర్తులు వచ్చేసరికి, అవి ముందున్న కామాకు అతుక్కుని ఆ లైను చదవడానికే వీల్లేకుండా తయారయింది. నాకు కుదిరింది కీమ్యాప్, ఏ కీకి ఏ అక్షరం రావాలో చెప్పే పట్టిక.

ఇంట్లో డాట్ విమ్ ఫోల్డర్‌లో కీమ్యాప్ అని ఒక ఫోల్డర్ చేసి, అందులో ఒక ఫైలు పెట్టాను. మొదట బి, కోలన్, కీమ్యాప్ అండర్‌స్కోర్ నేమ్ అనే చరరాశికి ‘తె’ అని పేరు ఇచ్చాను. తర్వాత ‘లోడ్‌కీమ్యాప్’ అన్న లైను. దాని కింద ప్రతి లైనులో ఎడమ పక్క నొక్కే కీ, కుడి పక్క రావాల్సిన అక్షరం. కె ఎదురుగా క. హల్లును అలాగే రాయవచ్చు. ఒంటరిగా నిలబడని పొల్లుకు, ఇకారానికి, ఉకారానికి మాత్రం కోణపు బ్రాకెట్లలో క్యార్, గీత, సున్నా ఎక్స్, ఆ తర్వాత యూనికోడ్ సంఖ్య (కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఇస్తే సరిపోతుంది. పొల్లు 0సీ4డీ, ఇకారం 0సీ3ఎఫ్, ఉకారం 0సీ41. ఇక ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ అని కొడితే ‘తెలుగు’ అని వస్తుంది.

విమ్‌ఆర్‌సీలో ముందు కీమ్యాప్ లైను, ఆ కిందనే ఐఎమ్‌ఇన్సర్ట్ సున్నా, ఐఎమ్‌సెర్చ్ సున్నా. వరస మారకూడదు. కీమ్యాప్ పెట్టగానే విమ్ ఐఎమ్‌ఇన్సర్ట్‌ను తానే ఒకటి చేస్తుంది, అప్పుడు మొదటి నుంచీ తెలుగే పడుతుంది. సున్నా కింద ఉంటే ఇంగ్లీషుతో మొదలవుతుంది. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్, 6 నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. ముఖ్యమైన సుఖం ఏమిటంటే, కంప్యూటర్ కీబోర్డు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఎస్కేప్ కొట్టాక జె అంటే జె. సర్వరులో తెలుగు కీబోర్డు లేకపోయినా పనిచేస్తుంది.

దిద్దడంలో ఒక తేడా గమనించండి. ‘తె’ మీద చెరిపే కీ ఎక్స్ నొక్కితే త, ఎత్వం రెండూ పోతాయి. ఎత్వం ఒక్కటే పోవాలంటే డెల్‌కంబైన్ ఆన్ చేయాలి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరమే, విమ్‌కు మాత్రం మూడు: స్, త్, రీ. మూడుసార్లు ఎక్స్ నొక్కాలి. అచ్చుతప్పులు దిద్దేవారికి ఇది మేలే, త వత్తు ఒక్కటి పడిపోతే మొత్తం మాట మళ్లీ కొట్టనక్కర లేదు.

ఈమ్యాక్స్‌వాసి · గురువారం ఉదయం 9:15

అచ్చుతప్పు గారూ, మీ ఓపికకు నమస్కారం. ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి కొట్టే ఐట్రాన్స్ పద్ధతి, తెలుగుకు రెండూ దానితోనే వస్తాయి. దాని సెట్టింగుల ఫైలు ఇనిట్ డాట్ ఈఎల్‌లో డిఫాల్ట్ ఇన్‌పుట్ మెథడ్‌గా తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అని ఒక్క లైను రాస్తే, కంట్రోల్, వెనక్కి వాలిన గీత నొక్కినప్పుడల్లా భాష మారుతుంది. 2020లో వచ్చిన 27 నుంచి, అక్షరాలను కలిపి చూపే హార్ఫ్‌బజ్ చేరింది కాబట్టి, సొంత కిటికీలో తెరిస్తే వత్తులు పుస్తకంలో అచ్చయినట్టే కనబడతాయి. టెర్మినల్‌లో అయితే మాత్రం ఏ ఎడిటర్‌కైనా టెర్మినల్ ఎంత చూపిస్తే అంతే.

అచ్చుతప్పు · గురువారం ఉదయం 9:50

అదే నా బాధ కూడా. టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి, కర్సర్ ఒక చోట ఉంటే అక్షరం మరో చోట మారుతుంది. దానికి విమ్‌ఆర్‌సీలో మందు లేదు. అనుమానం వచ్చినప్పుడు అక్షరం మీద జీ, ఏ నొక్కితే కర్సర్ కింద ఏయే యూనికోడ్ సంఖ్యలు ఉన్నాయో విమ్ చెబుతుంది. కన్నును కాక ఆ సంఖ్యలను నమ్ముతాను.

గడియారం · గురువారం రాత్రి 9:05

కొత్తకలం గారూ, ఇంకో లైను చేర్చుకోండి: అన్‌డూఫైల్. విమ్ మూసి, మర్నాడు తెరిచినా నిన్నటి మార్పులను వెనక్కి తీసుకోవచ్చు. 2010లో 7.3తో వచ్చింది. ఉత్తగా ఆన్ చేస్తే ప్రతి ఫోల్డర్‌లోనూ చుక్కతో మొదలయ్యే ఫైళ్లు పుట్టుకొస్తాయి. కాబట్టి అన్‌డూడిర్‌కు ఒక ఫోల్డర్ చూపించండి, ఆ ఫోల్డర్‌ను మీరే ముందుగా సృష్టించండి. లేని ఫోల్డర్‌ను విమ్ సృష్టించదు.

ఒక జాగ్రత్త: పొరపాటున ఫైలులో పాస్‌వర్డ్ రాసి, వెంటనే చెరిపేశారనుకోండి. ఫైలులోంచి పోతుంది, అన్‌డూ ఫైలులో ఉండిపోతుంది. రహస్యాలు ఉండే ఫైళ్లకు ఆ సెట్టింగు ఆపేయండి, సర్వరులో అయితే ఆ ఫోల్డర్ మీకు తప్ప ఎవరికీ తెరవడానికి వీల్లేకుండా ఉంచండి.

కొత్తకలం · ఆదివారం సాయంత్రం 5:30

నా విమ్‌ఆర్‌సీ ఇప్పుడు ముప్పై ఒక్క లైన్లు. అందులో పద్నాలుగు కామెంట్లే, అన్నీ విడి లైన్లలో. మొదటి లైను డిఫాల్ట్స్. ఆగ్రూప్ ఒకటి, ఫార్మాటర్ కోసం, పైథాన్‌కు మాత్రమే. నోమోడ్‌లైన్ ఉంది. ట్యాబ్‌లు, లైను చివరి ఖాళీలు కంటికి కనబడేలా లిస్ట్‌చార్స్ పెట్టాను. మేక్‌ఫైల్ దెబ్బ తిన్నాక అది చాలా అవసరమనిపించింది. కామా, డబ్ల్యూ పెట్టాను, దాని తర్వాత ఏమీ లేదు, ఖాళీ కూడా. పాత ఫైలులోంచి మళ్లీ తెచ్చుకున్నవి రెండే లైన్లు. మిగతావి లేవని ఈ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా అనిపించలేదు. అడుగున ఆ పట్టీ పోయింది, అది మాత్రం కొంచెం బెంగగానే ఉంది. ఎలా కట్టాలో చదివి సొంతంగా రాసుకుంటాను.

అచ్చుతప్పు గారి పద్ధతిలో కీమ్యాప్ కూడా రాశాను, అమ్మకు రాసే ఉత్తరాలు కూడా అందులోనే కొడుతున్నాను. అన్నీ వస్తున్నాయి, ళ ఒక్కటి రావడం లేదు. ‘కళ్లు’ అనబోతే ‘కల్లు’ అని పడుతోంది.

అచ్చుతప్పు · ఆదివారం సాయంత్రం 5:52

షిఫ్ట్‌తో ఎన్. చిన్న ఎన్ లైను రాసి పెద్ద ఎన్ మరిచినట్టున్నారు. ళ సంఖ్య 0సీ33. షిఫ్ట్‌తో జె ఎదురుగా ఱ కూడా చేర్చండి, 0సీ31.

కొత్తకలం · ఆదివారం సాయంత్రం 6:03

రెండూ చేర్చాను. కె, షిఫ్ట్ ఎన్, డీ, ఎన్, జీ. ‘కళ్లు’ అని వచ్చింది.